రెండో పళ్లెంలో ఆరు ఆల్చిప్పలు

ఒక ఆల్చిప్ప తెరవడానికి చాకు బాబాయ్‌కి ఆరేడు సెకన్లు పడుతుంది. అతనే దోషి అని తేల్చడానికి ఇన్‌స్పెక్టర్‌కి అరగంట కూడా పట్టలేదు.

ఆరాలక్క పోలీస్ స్టేషన్ మెట్లెక్కేసరికి ఉదయం పదీ పది. ఇరవై ఏళ్లుగా సొంతంగా కేసులు పట్టి ఆరాలు తీస్తోంది కాబట్టి ఊరంతా ఆమెని ఆ పేరుతోనే పిలుస్తుంది. పోలీసులూ అదే పేరుతో పిలుస్తారు, కాకపోతే కొంచెం వెటకారంగా. చాకు బాబాయ్ కూతురు తెల్లారకుండానే ఆమె తలుపు కొట్టి, గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. 

జరిగింది ఇదీ. నిన్న, శనివారం, సముద్రం ఒడ్డున ఉన్న హోటల్లో ఆల్చిప్పల రుచి చూసే సభ పెట్టారు. పన్నెండు మంది అతిథులు. వాళ్లలో ముఖ్యురాలు ఒక పెద్దావిడ. నలభై ఏళ్లుగా పత్రికలో రుచుల గురించి రాస్తున్న మనిషి. ఆవిడ బాగుందంటే చేపలవాళ్లకి ఏడాది పంట. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆవిడ పెదాలు చిమచిమలాడాయి. ఒంటిగంటకి వేళ్లు మొద్దుబారాయి. ఒకటీ ఇరవైకి ఊపిరి అందలేదు. ఇప్పుడు ఆసుపత్రిలో యంత్రం ఆవిడ బదులు ఊపిరి తీస్తోంది. సాయంత్రం ఐదింటికల్లా చిప్పలు తెరిచే చాకు బాబాయ్‌ని లాకప్‌లో పెట్టారు. అతని సొంతూరు ఏటిమొగలో అరవై కుటుంబాలు పెంచుకుంటున్న చిప్పల మళ్లకి సీలు వేశారు.

లాకప్ పక్క గదిలో ఇనుప బల్లకి అవతల బాబాయ్ కూర్చున్నాడు. రెండు చేతులూ బల్లమీద పరిచి, వాటినే చూసుకుంటున్నాడు.

"బాబాయ్, మొదటినుంచీ చెప్పు. గంటలతో సహా."

"ఏం చెప్పమంటావమ్మా. నా చాకు మురికిదంట. ముప్పై ఏళ్లు ఆ చాకుతో తెరిచాను. ఇన్‌స్పెక్టర్ ఆ మాటన్నాడు."

"చాకు సంగతి తర్వాత. నిన్న ఎన్నింటికి మొదలెట్టావు?"

"తొమ్మిదిన్నరకి. ఒక్కో చిప్పా చల్లటి నీళ్ల కింద బ్రష్షుతో తోమాను. రెండు చిప్పలు తీసుకుని ఒకదానితో ఒకటి తట్టి చూస్తాను. బతికున్నది గట్టిగా మోగుతుంది. చచ్చింది డొల్లగా పలుకుతుంది. నిన్న మూడు అలా పలికాయి, పారేశాను. పదకొండుకి పళ్లేలు మొదలయ్యాయి. మనిషికి నాలుగు చిప్పలు. ఏటిమొగది, కయ్యది, దీవిది, బయటి సముద్రంది. ఆ వరసలోనే తినాలి."

"ఎందుకు?"

అప్పటిదాకా వంగి ఉన్న తల మొదటిసారి లేచింది. "ఏటిమొగలో ఏరు కలుస్తుందమ్మా. ఉప్పు తక్కువ, తియ్యగా ఉంటుంది. కయ్యంటే ఉప్పునీటి పాయ, అక్కడిది వెన్నలా ఉంటుంది. దీవిది నమిలితే దోసకాయ వాసనొస్తుంది. బయటి సముద్రంది ఉప్పు చెంపమీద కొట్టినట్టుంటుంది. అది ముందు తిన్నావనుకో, మిగతా మూడూ నోట్లో పడ్డట్టే తెలియదు. మింగెయ్యకూడదు, మూడుసార్లన్నా నమలాలి. నిమ్మకాయ నేను బల్లమీద పెట్టను. అడిగితే ఇస్తాను, మొహం చూసి ఇస్తాను."

"పన్నెండు నాలుగులు, నలభై ఎనిమిది. అన్నీ నువ్వే తెరిచావా?"

"హాలు మధ్యలో, అందరి కళ్లముందు."

ఆరాలక్క తన కళ్లజోడు పెట్టె తీసి అతని ముందుకు తోసింది. బల్లమీదున్న చెక్క స్కేలు కూడా అందించింది. "ఎలా తెరుస్తావో చూపించు."

బాబాయ్ జేబురుమాలు మడిచి, కళ్లజోడు పెట్టెని అందులో పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "లోతుగా ఉన్న పొట్ట కిందికి రావాలి. చదునుగా ఉన్న మూత పైకి. వెనక మొన దగ్గర కీలుంటుంది. చాకు అక్కడ ఆనించాలి. పొడవకూడదు. తాళం తిప్పినట్టు తిప్పాలి. టక్కుమంటుంది. అప్పుడు చాకుని మూతకి ఆనించి లోపలికి జరిపి, మూతని పట్టుకున్న కండ కొయ్యాలి. తర్వాత కిందది. ఒక్క చుక్క నీళ్లు ఒలక్కూడదు. ఆ నీళ్లు పోతే ఇంక అది ఆల్చిప్పే కాదు."

"ముందు అంచువైపు నుంచి తెరవచ్చుగా?"

"తెలియనివాళ్లు తెరుస్తారు. అంచు పల్చన, విరుగుతుంది. పెంకులు నీళ్లలో పడతాయి. తినేవాళ్ల పళ్లకింద కరకరమంటే ఇంక నేనెందుకక్కడ?"

"పెద్దావిడ రెండో పళ్లెం తిన్నారట కదా. ఏటిమొగ చిప్పలు ఆరు."

"ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. పదకొండూ నలభైకి హోటల్ యజమాని వచ్చి, పత్రికవాళ్లు ఫొటో తీస్తారు బయటికి రా అన్నాడు. కొత్త ఏప్రాన్ కట్టించి గుమ్మం దగ్గర నిలబెట్టాడు. అందరికీ నమస్కారం పెట్టి తిరిగొచ్చేసరికి పన్నెండు కావొస్తోంది. ఆవిడ ముందు పళ్లెం ఖాళీ. ఆ ఆరూ నేను తెరవలేదమ్మా."

"ఈ మాట ఇన్‌స్పెక్టర్‌తో చెప్పావా?"

"చెప్పాను. రాసుకోలేదు."

ఆరాలక్క పెన్ను కాగితంలో దిగబడింది. "తిన్న చిప్పలు ఏం చేస్తారు?"

"పారెయ్యనివ్వను. పెరట్లో గోనెసంచిలో వేయిస్తాను. మా తమ్ముడు తీసుకెళ్లి ఏటిమొగలో పరుస్తాడు. పిల్లచిప్పలు పాత చిప్పలకే అంటుకుని పెరుగుతాయి. నాలుగు చోట్లవీ కలిపి పోసినా నేను కళ్లు మూసుకుని ఏరతాను. ఏటిమొగది బరువు, పెంకు మందం, మడతల్లో బురద పచ్చ. కయ్యది నల్లగా, పొడుగ్గా. దీవిది గుండ్రంగా అరచేతిలో ఒదుగుతుంది. బయటి సముద్రంది గరుకు, దానిమీద చిన్నచిన్న గవ్వలు పట్టుకునుంటాయి."

ఆమె నోటుబుక్కు మూసి బయటికొచ్చింది. ఇన్‌స్పెక్టర్ వరండాలో టీ తాగుతున్నాడు. నలభై దాటని మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే గడియారం చూసుకునే అలవాటు.

"ఏం ఆరాలక్కా, బాబాయ్ వంట పాఠాలు చెప్పాడా?"

"ఆ రెండో పళ్లెం తను తెరవలేదన్నాడు. అది మీరెందుకు రాసుకోలేదు?"

"దొరికినవాడు ప్రతివాడూ నేను కాదనే అంటాడు. కేసు తేటగా ఉంది. ఏటిమొగ నీళ్లు చెడిపోయాయి. చిప్పల మడి ఇతని తమ్ముడిది. తెలిసే తెచ్చాడు. పైగా రెండేళ్ల కిందట ఏటిమొగ చిప్పలు చప్పిడిగా ఉన్నాయని ఆవిడ రాసింది. ఆ కసి ఉంది."

"నిన్న పదకొండూ పదికి పన్నెండు మందీ ఏటిమొగ చిప్ప తిన్నారు. ఆవిడ కాక మిగతా పదకొండు మంది ఇవాళ ఎలా ఉన్నారో కనుక్కున్నారా?"

"బాగానే ఉన్నారు. అదృష్టవంతులు."

"పదకొండు మందికి ఒకేసారి పట్టిన అదృష్టమా? చెడిపోయిన చిప్ప తింటే కడుపు తిప్పుతుంది, వాంతులవుతాయి, దానికీ పూటన్నా పడుతుంది. ఆవిడకి కడుపులో ఏమీ లేదు. అరగంటలో పెదాలు, గంటలో వేళ్లు, ఆపైన ఊపిరి. ఇది చెడిపోయిన తిండి చేసే పని కాదు. విషం చేసే పని."

"విషమైతే మరీ మంచిది. పెద్ద సెక్షన్ పడుతుంది." అతను గ్లాసు కింద పెట్టాడు. "పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. పెద్దావిడ పేరున్న మనిషి. సాయంత్రానికి కేసు మూసెయ్యాలి."

"అరవై ఇళ్ల పొయ్యిలు ఆర్పేసి మీరు మూసుకునేది ఫైలు. దాన్ని కేసు అనకండి."

ఆమె జవాబు కోసం ఆగలేదు.

హోటల్ వంటగదికి చేరేసరికి పన్నెండున్నర. నిన్నటి గొడవతో అతిథులు లేరు. యజమాని ఎదురొచ్చాడు. వెన్న రాసినట్టు మాట్లాడే మనిషి. ఆవిడ ఆరోగ్యం గురించి తనకి రాత్రంతా నిద్ర లేదని మూడుసార్లు చెప్పాడు.

"నిన్న తిన్న చిప్పలెక్కడ?" అంది ఆరాలక్క.

"చెత్తబండి తీసుకెళ్లిపోయిందండీ."

పొయ్యి దగ్గర వంటమనిషి గరిటె తిప్పడం ఆపాడు. తల ఎత్తలేదు గానీ కళ్లు మాత్రం ఒక్కసారి పెరటి తలుపువైపు వెళ్లొచ్చాయి. ఆరాలక్కకి అంతే చాలు. తలుపు తీసి పెరట్లోకి వెళ్లింది. నీళ్ల తొట్టె వెనక, మేకుకి వేలాడుతున్న గోనెసంచి కనబడింది. దాన్ని తనే మోసుకొచ్చి స్టీలు బల్లమీద కుమ్మరించింది. సంచి బోర్లించిన చప్పుడుకి యజమాని భుజాలు ఎగిరాయి.

మూతలు ఒకపక్కకి తోసి, లోతుగా ఉన్న కింది చిప్పలు మాత్రమే లెక్కపెట్టింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. యాభై నాలుగు.

తర్వాత కుప్పలు పోసింది. బరువైనవి, మడతల్లో పచ్చటి బురద ఉన్నవి పన్నెండు. నల్లగా పొడుగాటివి పన్నెండు. గుండ్రటివి పన్నెండు. గవ్వలంటుకున్నవి పన్నెండు. బల్లమీద ఆరు మిగిలాయి. పల్చటి పెంకు, వేలితో నొక్కితే విరిగేలా ఉంది. బురద ఆనవాలే లేదు. నేలమీద కాకుండా తాళ్లకి వేలాడదీసి పెంచిన చిప్పలు. తెల్లటి పెంకుమీద ఊదారంగు చారలు. ఆ ఆరింటికీ ముందు అంచు పగిలి ఉంది. మిగతా నలభై ఎనిమిదింటిలో ఒక్కదానికి కూడా అంచు పగల్లేదు. వాటన్నిటికీ కీలు దగ్గర చిన్న గాటు, ఒకే చోట, ఒకే లోతున.

"ఇవి ఏటిమొగ చిప్పలు కావు," అంది ఆరాలక్క. "బాబాయ్ తెరిచినవీ కావు."

"నాకేం తెలుసండీ, చిప్పల పని అంతా అతనే చూసుకుంటాడు," అన్నాడు యజమాని.

ఆమె పెరటి తలుపు మళ్లీ మూసింది. తలుపు లోపలివైపు ఒక నోటీసు అంటించి ఉంది. మత్స్యశాఖ పంపింది, తేదీ మూడు వారాల కిందటిది. పడమటి అఖాతంలో విషపు నాచు పట్టి ఎర్రనీళ్లు వచ్చాయి. అక్కడి ఆల్చిప్పలు నీటిలోని విషాన్ని పీల్చి ఒంట్లో దాచుకుంటాయి. ఉడికించినా ఆ విషం పోదు, రుచిలో తెలియదు. అక్కడ తాళ్ల మీద పెంచే ఊదారంగు చారల చిప్పలు తియ్యడం, అమ్మడం, తినడం నిషేధం. కింద, నోటీసు అందిందని సంతకం. యజమానిదే.

"ఎవరి అనుమతితో ముట్టుకున్నారు ఇవన్నీ?"

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. యజమాని ఎప్పుడు ఫోన్ చేశాడో గానీ టైము ఒకటిన్నర.

"మీరు నిన్ననే ముట్టుకోవాల్సినవి," అంది ఆరాలక్క. "సంచి పెరట్లోనే ఉంది. మీ మనుషులు వంటగదిలో ఫొటోలు దిగి వెళ్లారు గానీ తలుపు తియ్యలేదు."

"ఈ పెంకులు ఏం సాక్ష్యం? చిప్ప మీద ఊరు పేరు రాసుంటుందా?"

"రాసుంది. చదవడం రాకపోతే బాబాయ్‌ని అడగాల్సింది. తను తెరవలేదని చెప్పినా వినకుండా లోపల తోశారు." ఆమె ఒక ఏటిమొగ చిప్ప, ఒక చారల చిప్ప అతని చేతుల్లో చెరొకటి పెట్టింది. "బరువు చూడండి."

అతను చూశాడు. ఒప్పుకోడానికి మనసు రాలేదు. "వేరే రకం కావచ్చు. అంతమాత్రాన ఏటిమొగవి మంచివని ఎలా చెప్తారు? అక్కడి నీళ్లు చెడిపోయాయని నా రిపోర్టు."

"ఆ నీళ్లు పరీక్ష చేయించారా?"

"సోమవారం చేయిస్తారు."

"ముందు సీలు, తర్వాత పరీక్ష."   ఆరాలక్క చల్లగదిలోకి వెళ్లి చూసింది. ఐసు మీద ఏటిమొగ సహకార సంఘం సీసపు ముద్ర ఊడని సంచి ఒకటుంది. దాన్ని తెచ్చి అతని ముందే ముద్ర తెంచింది. ఒక చిప్ప తీసి రెండోదానితో తట్టింది. గట్టిగా మోగింది. గుడ్డ మడిచి, పొట్ట కిందికి వచ్చేలా పట్టుకుని, వంటగది చాకు మొన కీలుకి ఆనించింది. రెండుసార్లు జారింది. మూడోసారి తాళం తిప్పినట్టు తిప్పితే టక్కుమంది. ఆరేడు సెకన్లు కాదు, రెండు నిమిషాలు పట్టింది. నీళ్లు మాత్రం ఒలకలేదు.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీ రిపోర్టు తింటున్నాను."

చిప్పని పెదాలకి ఆనించి ఎత్తింది. ముందు నాలుక చివర కొంచెం ఉప్పు, ఆ వెనకే చల్లటి ఏటినీళ్ల తీపి. మూడుసార్లు నమిలింది. మెత్తటి కండలోంచి తీపి ఇంకా ఊరుతూనే ఉంది. మింగాక కూడా చాలాసేపు నోరు శుభ్రంగా, వర్షం వెలిసినట్టు అనిపించింది. కోపంగా ఉన్నప్పుడు కూడా ఇంత బాగుందేమిటా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇంత మంచి పదార్థం చెడిపోయిందని రిపోర్టు రాసిన మనిషిమీద కోపం ఇంకో మెట్టు ఎక్కింది.

"ఒకటీ యాభై," అంది. "గడియారం చూసుకోవడం మీకిష్టం కదా. చూసుకోండి."

 రెండున్నర దాకా ఆమె అదే స్టూలు మీద కూర్చుని యాభై నాలుగు చిప్పల వివరం రాసింది. ఆమె పెదాలకి ఏమీ కాలేదు. రాయడం అయ్యాక కాగితం ఇన్‌స్పెక్టర్ ముందుకు తోసి, సాక్షుల సంతకాలు కావాలంది.

"నేను పెడతాను," అన్నాడు వంటమనిషి.

యజమాని గిరుక్కున తిరిగాడు. వంటమనిషి గరిటె పక్కనపెట్టి చేతులు తుడుచుకున్నాడు. "నిన్నటినుంచీ అన్నం సయించడం లేదండీ. బాబాయ్ నా పిల్లల్ని ఎత్తుకు పెంచాడు. ఆ ఆరు చిప్పలూ అయ్యగారే చల్లగదిలోంచి తెచ్చారు. బాబాయ్‌ని బయటికి పంపాక ఇక్కడే, ఈ బల్లమీదే తెరిచారు. స్క్రూడ్రైవరుతో."

"వీణ్ణి పనిలోంచి తీసేస్తానని చెప్పానండీ, ఆ కోపంతో," అని యజమాని మొదలెట్టాడు. మాట పూర్తవలేదు. ఇన్‌స్పెక్టర్ అతన్ని కూర్చోమని సైగ చేశాడు. ఒక కానిస్టేబుల్‌ని పక్కన నిలబెట్టాడు. ఆరాలక్క వైపు తిరిగినప్పుడు మాత్రం బెట్టు సడల్లేదు.

"సరే, పడమటివే అనుకుందాం. పన్నెండు మందిలో ఆవిడ ఒక్కదానికే ఇతను విషం చిప్పలు ఎందుకు పెడతాడు? ఆవిడ మెచ్చుకుంటేనే ఈ హోటల్ నడుస్తుంది. చెప్పండి."

అది ఆరాలక్కకీ తెలియదు. మింగుడుపడని ప్రశ్న అదే. ఆమె ఆలోచిస్తుండగానే ఆసుపత్రి నుంచి డాక్టర్ ఫోన్ చేసింది. మూడూ పదిహేను. పెద్దావిడ కుడిచేతి వేళ్లు కదులుతున్నాయి.

ఇద్దరూ ఒకే జీపులో వెళ్లారు. 

డాక్టర్ వాళ్లని గది బయటే ఆపింది. "ఒక సంగతి. ఆవిడకి మొదటినుంచీ స్పృహ ఉంది. ఒళ్లు కదల్లేదు, కళ్లు తెరవలేకపోయారు, అంతే. నిన్న మధ్యాహ్నం నుంచి ఈ గదిలో ఎవరేం మాట్లాడినా విన్నారు."

ఇన్‌స్పెక్టర్ మెడ దగ్గర చొక్కా సవరించుకున్నాడు. నిన్న సాయంత్రం చాకు బాబాయ్‌ని పట్టుకున్నామని పత్రికవాళ్లకి ఫోన్లో చెప్పింది ఆ మంచం పక్క నిలబడే.

పెద్దావిడ గొంతులో గొట్టం ఉంది. తలగడ మీద నెరిసిన జుట్టు, కింద సగం తెరిచిన కళ్లు. పిల్లల వార్డు నుంచి తెచ్చిన పలక ఒకటి ఆవిడ చేతికింద పెట్టి, వేళ్ల మధ్య బలపం ఇరికించారు. మొదటి అక్షరానికే అర నిమిషం పట్టింది. ఆరాలక్క వంగి, కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"చాకతను కాదు."

"తెలుసు. ఆ ఆరు చిప్పలూ పడమటి అఖాతానివి," అంది ఆరాలక్క. "మీ నాలుకకి తెలియదా? మొదటిది నోట్లో పెట్టగానే గుర్తుపట్టి ఉండాలే."

బలపం మళ్లీ కదిలింది. "ముందే తెలుసు."

"ముందే అంటే?"

"నేనే తెమ్మన్నాను."

ఇన్‌స్పెక్టర్ ఒక అడుగు దగ్గరికి వేశాడు. ఆరాలక్క మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. పలక నిండితే డాక్టర్ తుడిచి మళ్లీ పెడుతోంది. ముక్కలు ముక్కలుగా విషయం బయటికొచ్చింది. ఆవిడ పుట్టింది పడమటి అఖాతం ఒడ్డున. ఎన్ని చోట్ల ఎన్ని తిన్నా ఆవిడ మనసు ఆ చారల చిప్ప మీదే. మూడు వారాలుగా దొరకలేదు. చిన్నప్పుడు ఎర్రనీళ్లు వచ్చినా తిన్నాం, ఏమీ కాలేదు, ఈ నోటీసులన్నీ ఆఫీసువాళ్ల హడావిడి అనుకుంది. యజమానిని అడిగింది. ఆవిడ అడిగితే కాదనే ధైర్యం అతనికి లేదు. నలుగురికీ తెలియకుండా ఏటిమొగ చిప్పలని చెప్పి తెమ్మన్నదీ ఆవిడే.

 పొద్దుటినుంచీ ఈవిడ పక్షాన కూడా పోరాడుతున్నాననే ఆరాలక్క అనుకుంది.

"నిన్న ఈ ఇన్‌స్పెక్టర్ ఇక్కడ నిలబడి బాబాయ్ పేరు చెప్పినప్పుడు విన్నారా?"

"విన్నాను. చెయ్యి లేవలేదు."

"చెయ్యి లేవకపోవడం నిన్న. నోరు బాగున్న రోజున కూడా మీరు అబద్ధమే ఆడారు. మీ నాలుక కోరికకి ఏటిమొగ పేరు వాడుకున్నారు. ఏదైనా జరిగితే ఆ పేరుతో పాటు ఎవరు మునుగుతారో ఒక్క క్షణం ఆలోచించారా? రెండేళ్ల కిందట చప్పిడని రాశారు. ఇప్పుడు విషమని ముద్ర వేయించారు."

పెద్దావిడ కంటి కొసల్లోంచి నీళ్లు చెవులమీదికి జారాయి. డాక్టర్ వారించబోయింది. ఆరాలక్క చెయ్యెత్తి ఆపి, గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న అడిగింది.

"ఆరు చిప్పల కోసం ఎవడూ మూసేసిన అఖాతంలోకి పడవ పంపడు. ఎన్ని తెప్పించాడు?"

 పలకమీద రెండంకెలు పడ్డాయి. అరవై.

"మిగతావి?"

"పెద్దవాళ్లకి కానుక పంపాను అన్నాడు. దీవి చిప్పలని చెప్పి."

వెనకాల ఏదో కిందపడింది. ఇన్‌స్పెక్టర్ చేతిలోని ఫైలు. కాగితాలు గదంతా చెదిరాయి. అతను వాటిని చూడటం లేదు.

"నిన్న పొద్దున మా ఇంటికి ఒక పెట్టె వచ్చింది," అన్నాడు. "రెండు డజన్లు. దీవివని రాసుంది. ఆదివారం నాన్న వస్తారు కదా అని ఐసులో పెట్టించాను."

అంటే ఆవిడ పడిపోయాక కూడా యజమానికి తెలుసు. మిగతా చిప్పలు ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో తెలుసు. ఇరవై ఏడు గంటలుగా, రాత్రంతా నిద్రలేదని చెప్పుకుంటూ, ఆ ఒక్క మాట మాత్రం నోట్లోంచి రానివ్వలేదు.

"ఫోన్ చెయ్యండి," అంది ఆరాలక్క.

అతని వేళ్లు రెండుసార్లు తప్పు నంబరు నొక్కాయి. మూడోసారి భార్య ఎత్తింది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆమె గొంతు అందరికీ వినిపించింది.

"మీకోసం చూసి చూసి మూడింటికి తినేశామండీ. మామయ్యగారైతే డజను లాగించారు. పెదాలు మొద్దుబారాయి, ఐసు మహిమ అని నవ్విస్తున్నారు. మీకు నాలుగు ఉంచాను, ఎప్పుడొస్తారు?"

 ఆరాలక్క అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అమ్మా, నేను చెప్పింది విను, ఎందుకని అడగొద్దు. తిన్నవాళ్లందర్నీ ఇప్పుడే కారెక్కించి ఆసుపత్రికి తీసుకురా. మామయ్యగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి మాట్లాడిస్తూ ఉండు. మాట ముద్దగా వస్తే కారు ఆపకు, ఇంకా వేగంగా రా. మొత్తం ఎంతమంది తిన్నారు?"

"ఐదుగురం," అంది ఆ గొంతు, ఇప్పుడు నవ్వు లేకుండా.

డాక్టర్ అప్పటికే గుమ్మం దాటింది. మళ్లీ తల మాత్రం లోపలికి పెట్టి అంది, "ఊపిరి యంత్రాలు ఇంకా మూడే ఉన్నాయి."

ఆరాలక్క ఇన్‌స్పెక్టర్ రెండు భుజాలూ పట్టుకుని కుదిపింది. "మీ ఇంట్లో ఇరవై నాలుగు, ఈవిడ ఆరు. ఇంకా ముప్పై చిప్పలు ఎవరి బల్లమీదో ఉన్నాయి. కానిస్టేబుల్‌కి ఫోన్ చేసి ఆ యజమాని నోటినుంచి పేర్లు కక్కించండి. మీ వాళ్లని నేను గేటు దగ్గర చూసుకుంటాను. ఏడవడానికి తర్వాత టైముంది."

అతను తల ఊపి, ఆమె చేతిలోంచి ఫోన్ అందుకుని బయటికి నడిచాడు.

ఆమె కూడా కదలబోతుంటే పలకమీద బలపం గీసిన చప్పుడైంది. పెద్దావిడ కళ్లు గొంతులోని గొట్టం వైపు దించి, మళ్లీ పలకవైపు తిప్పింది. అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

"నాది తియ్యండి. వాళ్లకివ్వండి."

ఆరాలక్క ఆ రెండు ముక్కలూ చదివింది. పలక తీసుకుని, అరచేత్తో తుడిచేసి, మళ్లీ ఆవిడ చేతికిందే పెట్టింది.

"కుదరదు. మీరు బతకాలి," అంది. "లేచి నడిచి స్టేషన్‌కి రావాలి. అక్కడ ఒక మనిషి తన చాకు శుభ్రమైందేనని ఎవరన్నా చెప్తారేమోనని కూర్చునున్నాడు. ఆ మాట మీ నోటితోనే చెప్పాలి. అందాకా ఆ యంత్రం ఎలా పీల్చమంటే అలా పీల్చండి."

కింద గేటు దగ్గర ఒక కారు ఆగకుండా హారన్ కొడుతోంది. ఆరాలక్క మెట్లవైపు పరుగెత్తింది.